పన్నెండు అంగుళాలకు ఒక చుట్టు

బర్కా, మస్కట్ దగ్గర
14 సెప్టెంబర్ 1995

బావగారికి, యాదవ్వ అక్కకు ఓంకార్ దండాలు.

ఒంట్లో బాగానే ఉంది. ఖర్జూరం కోత అయిపోయింది, ఇప్పుడు చెట్లకు నీళ్లు పెట్టడమే పని. ఆ నీళ్లు కూడా ఏటేటా ఉప్పగా మారుతున్నాయి. ఫోన్ చేద్దామంటే మీకు వినపడదు. ముప్పై ఏళ్లు పోలీసు ఆయుధశాలలో తుపాకులు బాగుచేసి, పేల్చి చూసి, రెండు చెవులూ సర్కారుకే ఇచ్చి ఇంటికొచ్చారు. అక్కతో మాట్లాడదామంటే ఫోన్ పట్టుకుని ఏడవడం తప్ప ఒక్క ముక్క మాట్లాడదు. అందుకే ఈ ఉత్తరం.

ఈసారి పనిబడి రాస్తున్నాను. నేను నోరు జారి అన్న మాట ఒకటి మీ మెడకు చుట్టుకుంది. మా అర్బాబ్ హమూద్, అంటే ఈ తోట యజమాని, వేసవిలో కొత్త వేట తుపాకి కొన్నాడు. సన్నటి బ్యారెల్, నున్నటి కర్ర, చూస్తే పక్కన పెట్టబుద్ధి కాదు. ఇక్కడ పెళ్లిళ్లలో గురి పందెం పెడతారు. దూరంగా తెల్లటి గురుతు నిలబెట్టి మగవాళ్లు వరసగా కొడతారు. మొన్న సొంత బావమరిది పెళ్లిలో హమూద్ మూడు కొట్టి మూడూ తప్పాడు. ఆయన తర్వాత ఒక తాత, తనకంటే వయసైన తుపాకితో, మొదటి దెబ్బకే గురుతును పడగొట్టాడు. ఆ రోజు నుంచి మా అర్బాబ్ మొహం వైపు ఎవరం చూడటం లేదు.

ఇప్పుడు ప్రతి శుక్రవారం పొద్దున తోట వెనక ఎండిన వాగులో రెండు వందల గజాల దూరాన కాగితం పెట్టి కొడుతున్నాడు. ఒక గుండు ఎడమకు పోతే ఇంకోటి కుడికి. మొన్నటిది కాగితానికి తగలనే లేదు. పక్కకు ముప్పై అడుగుల దూరంలో ఉన్న పొరుగు తోట నీళ్ల ట్యాంకుకు తగిలింది.

తుపాకి చూసుకునే బలూచీ ఆయన తన దేశం వెళ్లిపోవడంతో తుడవడం, నూనె రాయడం నా మీద పడ్డాయి. అందుకని తప్పు కూడా నా మీదే పడింది. "బందూక్ ఖరాబ్, యా ఓంకార్ ఖరాబ్?" అని అడిగాడు. నేను ఊరుకోక, మా బావ తుపాకుల డాక్టరు, ఆయన్ని అడిగి చెప్తానన్నాను. ఇక రోజూ పొద్దున్నే, బావ ఏమన్నాడని అడుగుతున్నాడు.

తూటాలు రెండు రకాలు ఉన్నాయి. ఒక డబ్బా మీద 80 అని, ఇంకో దాని మీద 105 అని ఉంది. పెద్ద అంకె పెద్ద మనిషికి తగ్గట్టుందని ఆయన 105 వాడుతున్నాడు. ఇందులో తప్పేమైనా ఉందా, చెప్పగలరు. సుమలతకు నేను కులాసా అని చెప్పండి. పెళ్లాం మొహం చూసి నాలుగేళ్లు దాటింది. పాస్‌పోర్టు అర్బాబ్ పెట్టెలో ఉంది, ఆయన మొహం విప్పారితేగాని ఆ పెట్టె తెరవడు.

మీ మాట మీద బతుకు నడుపుతున్న బావమరిది
ఓంకార్


లక్సెట్టిపేట
5 అక్టోబర్ 1995

ఓంకార్‌కు భీమన్న దీవెనలు.

నీ ఉత్తరం మీ అక్కకు చదివి వినిపించాను. తుపాకి మాట వచ్చేసరికి లేచి నిలబడింది. "నౌకరి ఇడిసి ఆరేండ్లాయె, నిన్ను తుపాకి ఇడువదా? పొల్లగాడు తిన్నడో లేదో అడుగు ముందుగాల" అంది. ఇది నాకు వినపడింది. అంటే పక్కింటికి కూడా వినపడి ఉంటుంది. కాబట్టి ముందుగా అడుగుతున్నాను, తింటున్నావా?

ఇక విను. 80, 105 అంటే గుండు బరువు. గ్రెయిన్లలో చెప్తారు. మందు బరువు ఇందులో లేదు, ముందుకు దూసుకుపోయే సీసపు ముక్క బరువు మాత్రమే. బ్యారెల్ లోపల గాడులు ఉంటాయి. అవి నేరుగా ఉండవు, మెలి తిరిగి ఉంటాయి. గుండు వాటి మీదుగా వెళ్తూ గిరగిరా తిరుగుతుంది. ఎందుకు తిరగాలంటే, బొంగరం ఎందుకు తిరగాలో అందుకే. తిరుగుతున్నంతసేపు నిలబడుతుంది, తిరుగుడు చాలకపోతే తూలుతుంది.

ఒకే లావున్న రెండు గుళ్లలో బరువైనది పొడుగ్గా ఉంటుంది. మేం బరువు అంటాం గానీ అసలు సంగతి పొడుగు. పొడుగుదాన్ని నిలబెట్టాలంటే ఎక్కువ తిప్పాలి. గాడులు ఎన్ని అంగుళాలకు ఒక పూర్తి చుట్టు తిరుగుతాయో దాన్ని ట్విస్టు అంటారు. తొమ్మిది అంగుళాలకు ఒక చుట్టంటే గట్టి మెలిక, పన్నెండుకు ఒక చుట్టంటే వదులు మెలిక. వదులు మెలిక బ్యారెల్లో పొడుగు గుండు పెడితే బయటికొచ్చాక తలకిందులుగా పల్టీలు కొడుతుంది. అప్పుడది ఎటు పోతుందో కొట్టినవాడికీ తెలియదు, కొట్టిన తుపాకికీ తెలియదు.

రెండు పనులు చెయ్యి. కాగితం మీద బెజ్జాలు చూడు. గుండ్రంగా ఉన్నాయా, చింతగింజలా పొడుగ్గా ఉన్నాయా? పొడుగ్గా ఉంటే గుండు అడ్డంగా తగిలిందన్నమాట. రెండోది, ట్విస్టు కొలువు. తుపాకి ఖాళీ అని నీ కంటితో చూసుకో, అర్బాబ్ నోటి మాట నమ్మకు. తుడిచే కడ్డీకి గుడ్డ బిగించి లోపలికి తొయ్యి. కడ్డీ దానంతట అదే తిరుగుతుంది. పైన సుద్దతో ఒక గురుతు పెట్టుకుని, ఆ గురుతు ఒక చుట్టు తిరిగి మళ్లీ పైకొచ్చేసరికి కడ్డీ ఎన్ని అంగుళాలు లోపలికి పోయిందో కొలువు. మూడుసార్లు కొలిచి రాయి.

ఇంకో మాట. కాగితం పెట్టేది ఎవరు? కొట్టేటప్పుడు నువ్వు ఎక్కడుంటావు? ఇది మర్చిపోకుండా రాయాలి.

మీ బావ
భీమన్న


బర్కా
28 అక్టోబర్ 1995

బావగారికి దండాలు.

తింటున్నాను. అక్కకు ముందు ఇది చెప్పండి. నిన్న చేప పులుసు వండుకున్నాను, ఇక్బాల్ కూడా వచ్చాడు. ఇక్బాల్ అంటే కడప మనిషి, బర్కా బజారులో దిష్‌దాషాలు, అంటే ఇక్కడి మగవాళ్ల పొడుగు చొక్కాలు, కుట్టే దర్జీ. ఇక్కడ నాకు తెలుగు పలుకు వినిపించేది ఆయన ఒక్కడే. మీకు అవసరం పడుతుందని ఆయన షాపు ఫోన్ నంబరు వెనకవైపు రాశాను, అక్కతో చేయించండి.

కొలవడానికి ఆయన టేపే తీసుకున్నాను. ఆయన కూడా వచ్చి కూర్చున్నాడు. మూడుసార్లు కొలిచాం. మూడుసార్లూ పన్నెండు అంగుళాలే. వెంట్రుక అటూ ఇటూ లేదు. "నా టేపు అబద్ధం సెప్పదు భాయ్, సెప్పుంటే నా అంగడి ఎప్పుడో మూసేసుండేవాణ్ణి" అన్నాడు.

బెజ్జాలు మీరన్నట్టే ఉన్నాయి. చింతగింజలే. ఒకటైతే గుండు పడుకుని తగిలినట్టు, మొత్తం దాని బొమ్మ దిగినట్టు ఉంది. మీరు ఇంట్లో కూర్చుని సముద్రం అవతలి కాగితాన్ని చూశారంటే అర్బాబ్ నమ్మలేదు. నేనే అనువదించి రెండుసార్లు చెప్పాను. మీ ఉత్తరాన్ని తెలుగు రాకపోయినా పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు.

ఈలోపు ఒక పాడు పని జరిగింది. పోయిన శుక్రవారం ఒక గుండు పక్క తోటలో కట్టేసిన గాడిదకు తగిలింది. అది కాగితానికి చాలా పక్కగా ఉంది. సాయంత్రం దాకా అరిచి చచ్చిపోయింది. అర్బాబ్ వెళ్లి ఆ యజమానితో కాఫీ తాగి మాట్లాడుకుని వచ్చాడు. మాకేం చెప్పలేదు.

నేను ఎక్కడుంటానని అడిగారు. కాగితం నేనే పెడతాను. దూరంగానే ఉంటాను. ఆ విషయం మీరు ఆలోచించొద్దు.

మీ
ఓంకార్


లక్సెట్టిపేట
16 నవంబర్ 1995

ఓంకార్‌కు,

నా పాత నోటుబుక్కు తీశాను. మీ అక్క దాన్ని పప్పు డబ్బా మీద మూతగా వాడుతోంది. అందులో నా చేతిరాత పట్టిక ఇంకా ఉంది.

పన్నెండు అంగుళాల ట్విస్టుకు ఆ లావు గుళ్లలో 80 సరైనది. 85 దాకా పరవాలేదు. 105 పనికిరాదు. పనికిరాదంటే బాగుండదని కాదు, వాడకూడదని. ఆ డబ్బాను తీసి బావిలో పారేయమను. ఉప్పు బావే కాబట్టి నష్టం లేదు. నా సర్వీసులో నేను ఎన్నో తుపాకుల తప్పులు చూశాను, ఇలా బ్యారెల్‌కూ గుండుకూ జత కుదరని తప్పు అన్నింటికంటే చెడ్డది. మిగతా తప్పులు కొట్టేవాడికి తెలుస్తాయి. ఇది పక్కవాడికి తెలుస్తుంది. గాడిద సంగతి చదివి నేను అన్నం సగంలో లేచాను.

80తో అయిదు కొట్టి, కాగితం మీద బెజ్జాలు గుండ్రంగా వచ్చాయో లేదో చూసి రాయి. కొత్త తూటా ఏదైనా ముందు కాగితం మీద చూడాలి, ఆ తర్వాతే మిగతా కథ. ఈ మాట మా పాత హెడ్డు నాకు చెప్పాడు, నేను నీకు చెప్తున్నాను.

"దూరంగానే" అని రాశావు. ఎన్ని గజాలు అన్నది రాయలేదు. పోలీసు బావ దగ్గర ఇలాంటి జవాబులు చెల్లవు.

సుమలత కుట్టుమిషన్ నేర్చుకుంటోంది. నీ ఉత్తరం వస్తే మా ఇంటికి పరుగెత్తుకొస్తుంది, తుపాకి సంగతి తప్ప ఏమీ ఉండదు కాబట్టి మొహం ముడుచుకుని పోతుంది. ఆ పిల్లకు విడిగా రెండు ముక్కలు రాస్తే నీ సొమ్మేం పోదు.

భీమన్న


బర్కా
8 డిసెంబర్ 1995

బావగారికి శతకోటి దండాలు.

అయిదుకు అయిదు. గుండ్రంగా, ఎవరో కంపాసు పెట్టి గీసినట్టు. అయిదు బెజ్జాలనూ నా అరచెయ్యి కప్పేసింది. అర్బాబ్ కాగితాన్ని తీసుకుని కారు అద్దానికి అంటించుకుని ఊరంతా తిరిగాడు. పోయిన వారం ఇంకో పెళ్లిలో మూడుకు మూడూ కొట్టాడు. ఆ రాత్రి నన్ను తన చాప మీద కూర్చోబెట్టి, తన పళ్లెంలోనే తినమన్నాడు. నాలుగేళ్లలో మొదటిసారి. హల్వా పెడుతూ, మీ బావ చాలా పెద్ద ఉస్తాద్ అన్నాడు. మీ పేరు పలకలేక "బీమాన్, బీమాన్" అంటున్నాడు. నాకు గర్వంగా ఉంది బావా, అబద్ధం ఎందుకు.

ఇప్పుడు అసలు సంగతి. అర్బాబ్, ఆయన చిన్నాన్న కొడుకు కలిసి ఎడారికి వేటకు పోతున్నారు. తుపాకి చూసుకోవడానికి నేను ఉండాలట. దక్షిణాన చాలా దూరం, మూడు రోజుల పని. అక్కడ తెల్లటి జింక లాంటి పెద్ద జంతువు ఉంటుంది. నిటారుగా రెండు పొడుగు కొమ్ములు. దాన్ని కొట్టిన మగాడి పేరు నిలుస్తుందట. తిరిగి వచ్చాక ఫిబ్రవరిలో నాకు పాస్‌పోర్టు, మూడు నెలల సెలవు ఇస్తానని తల్లి మీద ఒట్టేశాడు.

ఇక్బాల్‌కు ఇది నచ్చలేదు. ఆ జంతువును కాపాడటానికి సర్కారు మనుషులు తిరుగుతుంటారని, కొట్టడం నేరమని చెప్పాడు. "దొరికితే ఆయనకు వాళ్ల మనుషులుండారు. నీకెవురుండారు? తుపాకి నీ సేతిలో పెట్టి, వీడే కొట్టినాడంటారు" అన్నాడు. దర్జీ కదా, ప్రతిదీ రెండుసార్లు కొలిచి భయపడతాడు. రానని చెప్తే పాస్‌పోర్టు ఇంకో నాలుగేళ్లు ఆ పెట్టెలోనే ఉంటుంది. ఇదైతే మూడు రోజులతో పోతుంది.

మీరు ఒకటి తేల్చాలి. జంతువు పెద్దది, 80 గుండు చాలదని, 105 ఉంటేనే పడుతుందని చిన్నాన్న కొడుకు అంటున్నాడు. అర్బాబ్ అన్నాడు, బీమాన్ ఏది చెప్తే అదే అని. ఆయన మీ మాట తప్ప వినడు. త్వరగా రాయండి.

సుమలతకు విడిగా రాశాను. ఫిబ్రవరి అని రాశాను.

మీ
ఓంకార్


లక్సెట్టిపేట
26 డిసెంబర్ 1995

ఓంకార్‌కు,

ఉత్తరం అందింది. అందరం క్షేమం.

వెళ్లొద్దని రాస్తే నువ్వు వినవు. చిన్నప్పుడు చెరువుకు వెళ్లొద్దన్నా వినలేదు. కాబట్టి ఆ మాట రాయడం లేదు.

అడిగిన దానికి జవాబు. పెద్ద జంతువుకు 105 వాడండి. మొదట నేను వద్దన్నది కొత్త బ్యారెల్ కాబట్టి. ఇప్పటికి చాలా తూటాలు పేలి ఉంటాయి, లోపల గాడులు సర్దుకుని ఉంటాయి. నువ్వు కొలిచిన పన్నెండు కూడా తప్పే అయి ఉంటుంది. గుడ్డ జారితే అలా ఎక్కువ చూపిస్తుంది. నా లెక్కకు అది తొమ్మిదో పదో.

కాగితం మీద మళ్లీ కొట్టి చూడనక్కర్లేదు. తూటాలు వృథా చేయకుండా నేరుగా ఎడారికే తీసుకెళ్లండి. కొట్టేటప్పుడు నువ్వు అర్బాబ్ వెనకే ఉండు. ముందుకు గానీ పక్కకు గానీ వెళ్లకు.

మీ అక్క బాగుంది.

భీమన్న


బర్కా
3 జనవరి 1996

బావగారికి దండాలు.

మీ జవాబు ఇంకా రాలేదు. దారిలో ఉండి ఉంటుంది. రంజాన్ నెల మొదలయ్యేలోపు వేట అయిపోవాలని అర్బాబ్ తొందర. 19వ తేదీ శుక్రవారం మధ్యాహ్నం బయలుదేరుతాం. ఆ పొద్దున ఆఖరుసారి కాగితం మీద కొట్టి చూస్తాం. మీరు ఏ తూటా చెప్తే దాన్నే. అర్బాబ్ అక్కర్లేదన్నా నేనే పట్టుబట్టాను. కొత్త తూటా ముందు కాగితం మీద చూడాలని మీరే రాశారు కదా.

ఇన్నాళ్లూ దాచిన సంగతి ఒకటి ఇప్పుడు చెప్తాను. ఇప్పుడు భయం లేదు కాబట్టి చెప్తున్నాను. నేను ఎన్ని గజాల దూరంలో ఉంటానని అడిగారు. బావా, నేను కాగితం పక్కనే ఉంటాను. ఆరడుగులు ఎడంగా సిమెంటు బిళ్లలు నడుము ఎత్తుకు పేర్చుకుని వాటి వెనక కూర్చుంటాను. ఒక్కొక్క దెబ్బకూ లేచి, ఎక్కడ తగిలిందో చూసి చేత్తో చూపించాలి. ఇక్కడ పాత రోజుల నుంచి గురి పందేల్లో ఒక మనిషి అలా ఉంటాడట. మంచి గురిగాడి దగ్గర అలా కూర్చోవడం గౌరవమని బలూచీ ఆయన కూడా అలాగే కూర్చునేవాడు. అర్బాబ్‌కు దుర్బీను ఉంది, కానీ మనిషి చేతి సైగ చూస్తేనే ఆయనకు తృప్తి.

105 పేలిన రోజుల్లో ప్రతి శుక్రవారం మోకాళ్లలో తల దాచుకుని కూర్చునేవాణ్ణి. గుండు పల్టీ కొడుతూ వస్తుంటే చప్పుడు వేరుగా ఉంటుంది, గాలిలో ఎవరో గుడ్డ చింపినట్టు. ఆ బిళ్లలు బోలువి, గుండు ఆగుతుందో లేదో నాకు తెలియదు. ఇవన్నీ రాస్తే అక్క పస్తులుంటుందని రాయలేదు. మీ 80 వచ్చాక హాయిగా ఉంది. గుండు ఎక్కడ తగలాలో అక్కడే తగులుతుంది. ఈల వేసుకుంటూ కూర్చుంటున్నాను. మీరు నాకు ప్రాణం పోశారు బావా, ఈ మాట ఎదురుగా చెప్పలేను కాబట్టి కాగితం మీద చెప్తున్నాను.

ఫిబ్రవరిలో కలుద్దాం.

మీ
ఓంకార్


లక్సెట్టిపేట
19 జనవరి 1996

ఓంకార్,

నీ మూడో తేదీ ఉత్తరం నిన్న గురువారం మధ్యాహ్నం వచ్చింది. తేదీ చూశాను. తెల్లారితే 19.

చెప్పులు లేకుండానే ఓబయ్య ఫోన్ బూత్‌కు పోయాను. ఇక్బాల్ షాపు నంబరు ఇచ్చాను. ఓబయ్య నంబరు కలపగానే ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కున్నాను. పక్కనున్న మీటరు డబ్బా మీద ఎర్ర లైటు వెలిగింది, అవతల ఎవరో ఎత్తారు. ఎవరో నాకు తెలియదు. నాకేం వినపడదు. "పెద్ద గుండు వద్దు. ఓంకార్‌కు చెప్పు, పెద్ద గుండు పెట్టొద్దు, కాగితం కాడ కూసోవద్దు" అని అరిచాను. ఎన్నిసార్లు అరిచానో తెలియదు. బయట జనం గుమిగూడారు. ఓబయ్య ఫోన్ తీసుకుని విన్నాడు, అప్పటికే పెట్టేశారట. మళ్లీ నాలుగుసార్లు చేశాడు, ఎవరూ ఎత్తలేదు. పోస్టాఫీసుకు పోయి టెలిగ్రాం ఇచ్చాను. అది మీ అర్బాబ్ పోస్టుబాక్సులో పడుతుంది. గురువారం, శుక్రవారం అక్కడ సెలవని నువ్వే ఎప్పుడో రాశావు.

ఇప్పుడు శుక్రవారం పొద్దున. అక్కడ మనకంటే గంటన్నర వెనక. నువ్వు లేచి ఉంటావు. నేను ఈ ఉత్తరం రాస్తున్నాను, ఇంకేం చేయాలో తెలియక రాస్తున్నాను. ఇది చేరేసరికి పదిహేను రోజులు పడుతుందని తెలుసు.

నేను నీకు అబద్ధం రాశాను. నీ కొలత సరైనదే, పన్నెండే. గాడులు సర్దుకోవడం అనేదే లేదు, అది ఏ తుపాకిలోనూ జరగదు. నా ముప్పై ఏళ్లలో కొలత విషయంలో ఒక్క అబద్ధం ఆడలేదు, మొదటిది నీతో ఆడాను. నువ్వు జైలుకు పోతావని భయపడ్డాను. ఇక్బాల్ చెప్పింది అక్షరాలా నిజమని నాకు తెలుసు. తుపాకి ఎవరి చేతిలో దొరికితే వాడిదే నేరమని నేను ఎన్ని కేసుల్లో చూశాను. 105 పెడితే ఎడారిలో ఒక్కటీ తగలదు, జంతువులు పారిపోతాయి, మీ అర్బాబ్ సిగ్గుపడి తిరిగొస్తాడు, నువ్వు బయటపడతావు అనుకున్నాను. కొట్టేవాడి వెనకున్నవాడికి ప్రమాదం లేదు కదా అని లెక్కేసుకున్నాను. కాగితం మీద చూడొద్దని అందుకే రాశాను.

నువ్వు ఆరడుగుల దూరంలో కూర్చుంటావని రాసి ఉంటే ఈ పని చేసేవాణ్ణా? నువ్వు దాచావు, నేను దాచాను. నాది పాపం, నీది మంచితనం. రెండూ కలిసి ఏమయ్యాయో నాకు తెలియదు.

మీ అక్కకు ఏమీ చెప్పలేదు. నా మొహం చూసి, ఏమైందని అడుగుతోంది. వినపడనట్టు కూర్చున్నాను. చేరగానే ఒక్క ముక్క రాయి. తిట్టినా సరే, నీ చేత్తో రాయి.

భీమన్న


మస్కట్, ఆసుపత్రి నుంచి
5 ఫిబ్రవరి 1996

బావగారికి ఓంకార్ దండాలు.

ఈ చేతిరాత ఇక్బాల్‌ది. నేను చెప్తుంటే రాస్తున్నాడు. కంగారు పడొద్దు. అక్కకు, సుమలతకు ఇప్పుడే చెప్పొద్దు.

19న పొద్దున చిన్న ప్రమాదం జరిగింది. మీ ఉత్తరం ఆ వారమే వచ్చింది, అర్బాబ్‌కు 105 అని చెప్పాను. కాగితం అక్కర్లేదని మీరు రాసినా, కొత్త తూటా కదా అని నేనే పట్టుబట్టి కొట్టించాను. మొదటి దెబ్బ కాగితం అంచుకు తగిలింది. రెండోది నా ముందున్న సిమెంటు బిళ్ల అంచుకు తగిలింది. నేను అప్పుడే తల ఎత్తుతున్నాను. గుండు నాకు తగల్లేదు, బిళ్ల ముక్కలు తగిలాయి. కుడి కన్ను తీసేశారు. ఎడమ కంట్లో కూడా పొడి పోయింది, దానికి ఆపరేషను చేశారు. రెండింటికీ కట్టు ఉంది. బుధవారం విప్పుతారు. చూపు వస్తుందో రాదో అప్పుడు తెలుస్తుందని డాక్టరు చెప్పాడు. ఇక్బాల్ ఇక్కడికొచ్చి పదిహేడు రోజులైంది, షాపుకు తాళం వేసి నా దగ్గరే ఉన్నాడు.

అర్బాబ్ మొదటి రోజు వచ్చి మంచం పక్కన కూర్చుని ఏడ్చాడు. బీమాన్ చెప్పాడు కదా, ఎలా తప్పిందని అడిగాడు. పోలీసులు కూడా అడిగారు. బావా, నేను ఒకే మాట చెప్పాను. మా బావ తప్పు చెప్పలేదు, నేను కొలిచి పంపింది తప్పు, తప్పు కొలతకు ఆయన సరైన జవాబే ఇచ్చాడు అని. మీరు చివరి ఉత్తరంలో గుడ్డ జారి ఉంటుందని రాశారు కదా, ఆలోచిస్తే నిజమే అనిపించింది. మీ మీద మాట రాకూడదని ఆ ఉత్తరాన్ని ఇక్బాల్ చేత చింపించాను.

ఇది చెప్తుంటే ఇక్బాల్ రాయడం ఆపేశాడు. ఒప్పుకోవడం లేదు. "మూడు సార్లు నేను పక్కనుండి కొల్సినా. పన్నెండే. నా టేపు తప్పయితే నేను ఈ దేశమిడిసి పోతా" అంటున్నాడు. ఆయనకు మీ సంగతి తెలియదు. ముప్పై ఏళ్ల అనుభవం మీది, టేపుతో అది తేలదని నేను చెప్పాను. కోపంగా రాస్తున్నాడు, అక్షరాలు వంకరగా ఉంటే అందుకే.

ఇంకో సంగతి వింటే మీరు దేవుణ్ణి తలుచుకుంటారు. నా దెబ్బతో అర్బాబ్ వేట మానేశాడు. చిన్నాన్న కొడుకు మాత్రం వేరే మనుషులతో వెళ్లాడు. దొరికిపోయారు. ఆయన వెంట వెళ్లిన ఇద్దరు కూలీలు, ఒకడు మన కరీంనగర్ వైపు వాడే, జైల్లో ఉన్నారు. నేను వెళ్లి ఉంటే మూడోవాణ్ణి. ఒక కన్ను తీసుకుని దేవుడు జైలు తప్పించాడని అనుకుంటున్నాను. అర్బాబ్ పాస్‌పోర్టు తెచ్చి ఇక్బాల్ చేతికి ఇచ్చాడు. కట్టు విప్పగానే టికెట్టు కొంటానన్నాడు. అనుకున్నట్టే ఫిబ్రవరిలోనే వస్తున్నాను చూడండి. సుమలతకు మీరు ముందుగా నెమ్మదిగా చెప్పాలి. ఎలా చెప్పాలో మీకు తెలుసు.

షాపులో ఇక్బాల్‌తో పాటు ఉండే మలబారీ ముసలాయన ఒక మాట చెప్పాడట. 18వ తేదీన ఎవరో తెలుగాయన ఫోన్ చేసి ఒకటే కేకలు వేశాడని, పిచ్చివాడనుకుని పెట్టేసి తలుపు మూసి నమాజుకు వెళ్లానని. ఎవరో పాపం, ఏం కష్టం వచ్చిందో.

పోస్టుబాక్సు తాళంచెవి ఇన్నాళ్లూ అర్బాబ్ జేబులోనే ఉండిపోయింది. ఇవాళ ఆయనే పెట్టె తెరిచి, అందులో ఉన్నవి తెచ్చి ఇక్బాల్‌కు ఇచ్చాడు. మీ ఉత్తరం ఒకటి, ఒక టెలిగ్రాం ఉన్నాయట. ఇక్బాల్ వాటిని నా చేతికిచ్చాడు, కవరు మీద మీ చేతిరాతేనట, బరువుగానే ఉంది. చాలా రాసినట్టున్నారు. ఇది ముగించి సంతకం పెట్టించాక ఇక్బాల్ చదివి వినిపిస్తాడు. పక్క మంచం మీద నిజామాబాద్ ఆయన కూడా తెలుగు విని చాలా రోజులైందని, గట్టిగా చదవమని అడుగుతున్నాడు. మా బావ ఎలా రాస్తాడో మీరూ వినండని ఆయనకు చెప్పాను.

మీ
ఓంకార్